పెంకు పగిలాక ఆగిపోయిన పిల్ల: ఎప్పుడు చెయ్యి వేయాలి, ఎందాకా ఆగాలి

కోడిగుడ్డు పొదగడానికి 21 రోజులు. మొదటి 18 రోజులు పెంచేవాళ్లకు పెద్ద పరీక్షేమీ ఉండదు. పొదిగే పెట్టెలో, అంటే ఇంక్యుబేటర్లో, వేడి, తేమ సరిచూసుకుంటూ గుడ్లు తిప్పుకుంటే చాలు. కష్టమంతా చివరి మూడు రోజుల్లో వస్తుంది. పెంకు మీద చిన్న పగులు కనిపిస్తుంది. లోపలి నుంచి కీచుమని వినిపిస్తుంది. గంటలు గడుస్తాయి గానీ పగులు పెరగదు. గోటితో కాస్త పెంకు తీసేస్తే పోలా అనిపిస్తుంది. ఆ తొందరకే చాలా పిల్లలు చచ్చిపోతాయి. ఏళ్ల తరబడి పొదిగిస్తున్నవాళ్లను అడిగితే, సాయం అందక చచ్చిన పిల్లల కన్నా ముందే సాయం చేయబోయి చంపుకున్నవే ఎక్కువంటారు. అలాగని చేతులు ముడుచుకుని కూర్చోమని కూడా కాదు. పొర ఎండిపోయి బిగుసుకున్న పిల్లను అలాగే వదిలేస్తే అది లోపలే ప్రాణం విడుస్తుంది. ఈ రెంటి మధ్య తేడా పట్టుకోవాలంటే పెంకు లోపల ఆ గంటల్లో ఏం జరుగుతోందో తెలియాలి.

పెంకు లోపల

18వ రోజుకు పిల్ల గుడ్డు నిండా పెరిగి ఉంటుంది. ఇక మెల్లగా సర్దుకుని, తల కుడి రెక్క కిందికి దోపుకుని, గుడ్డు లావు కొసన ఉన్న గాలి గది వైపు ముక్కు తిప్పుకుంటుంది. అప్పటిదాకా దానికి ఊపిరితిత్తులతో పని లేదు. పెంకు లోపలి గోడను ఆనుకుని ఉన్న పొరలో రక్తనాళాలు అల్లుకుని ఉంటాయి. పెంకులోని వేల సన్న రంధ్రాల గుండా వచ్చే ప్రాణవాయువును అవే అందిస్తాయి. పిల్ల పెద్దదయ్యేకొద్దీ ఆ గాలి చాలదు, లోపల బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. పిల్లను పనికి పురమాయించేది ఆ ఉక్కిరిబిక్కిరే. మెడ వెనుక ఈ పని కోసమే ఉబ్బి ఉన్న కండరం బిగుసుకుంటుంది, ముక్కు వెళ్లి గాలి గది పొరను చీలుస్తుంది. పిల్ల తొలిసారి ఊపిరి పీల్చేది అక్కడే. చెవి దగ్గర పెట్టుకుంటే గుడ్డులోంచి కూత వినిపించేది కూడా అప్పటినుంచే.

గాలి గదిలో ఉన్న గాలి ఎంతోసేపు రాదు. కొన్ని గంటలకు అదీ చాలక, పిల్ల ముక్కు కొసన ఉన్న గట్టి మొనతో పెంకును లోపలినుంచి పొడుస్తుంది. మనకు బయట కనిపించే తొలి పగులు అదే. ఆ మొన ఈ ఒక్క పనికే పుట్టింది. పిల్ల బయటికి వచ్చిన కొద్ది రోజులకే రాలిపోతుంది.

తొలి పగులు తర్వాత పిల్ల ఆగుతుంది. ఇక్కడే చూసేవాళ్ల ఓపిక చచ్చిపోతుంది. పైకి ఏమీ జరగనట్టున్నా లోపల రెండు ముఖ్యమైన పనులు నడుస్తుంటాయి. పొరలోని రక్తనాళాల్లో ఉన్న నెత్తురు మెల్లగా పిల్ల ఒంట్లోకి వెళుతుంది. మిగిలిన పచ్చసొన సంచి బొడ్డు దారిన కడుపులోకి చేరి, ఆ పైన బొడ్డు మూసుకుంటుంది. ఇదంతా ముగియడానికి సాధారణంగా 12 నుంచి 24 గంటలు పడుతుంది. ఆ మధ్యలో పెంకు ఒలిస్తే ఇంకా నిండుగా ఉన్న నాళాలు తెగి నెత్తురు కారుతుంది, లేదా కడుపులోకి వెళ్లాల్సిన సొన బొడ్డుకు వేలాడుతూ పిల్ల బయటపడుతుంది. అరచేతిలో ఇమిడే ప్రాణి అది. నాలుగు చుక్కల నెత్తురు పోయినా దానికి ఎక్కువే.

పని పూర్తయ్యాక పిల్ల మళ్లీ కదులుతుంది. లావు కొస వైపు నుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురు దిశలో మెల్లగా తిరుగుతూ, పొడుస్తూ, పెంకు చుట్టూ గీత గీసినట్టు పగలగొట్టుకుంటూ పోతుంది. ముప్పావు వంతు తిరిగాక కాళ్లతో తన్నుతుంది, పెంకు టోపీ ఊడిపోతుంది. ఈ చివరి ఘట్టం అరగంటలో అయిపోవచ్చు, రెండు గంటలూ పట్టవచ్చు.

గడియారం చూసుకోవడం

సాయం విషయంలో సగం తప్పులు సమయం గుర్తుపెట్టుకోకపోవడం వల్ల జరిగేవే. పొద్దున ఐదింటికి పగులు చూసినవాళ్లకు పది గంటలకే ఒక రోజు గడిచిపోయినట్టు ఉంటుంది. పగులు కనిపించగానే గుడ్డు మీద పెన్సిల్‌తో గంట రాసుకోవాలి. మార్కర్ పెన్ను వద్దు, సిరా రంధ్రాల్లోకి ఇంకుతుంది.

తొలి పగులు పడి 24 గంటలైనా ముందుకు సాగకపోతే అప్పుడు ఆ గుడ్డును చేతిలోకి తీసుకుని చూడాలి. ‘చూడాలి’ అంటే ఒలవమని కాదు. చుట్టూ పగలగొట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయిన పిల్ల సంగతి వేరు. దానికి నెత్తురు, సొన పని చాలావరకు అయిపోయినట్టే. పెంకు తెరుచుకున్న కొద్దీ పొర ఆరిపోతుంది కాబట్టి రెండు మూడు గంటలు దాటి కదలిక లేకపోతే అక్కడ ఆలస్యం చేయకూడదు. గాలి గదిలోకి ముక్కు వచ్చింది, కూత వినిపిస్తోంది గానీ ఒక రోజు దాటినా బయట పగులు పడలేదు, కూత సన్నబడుతోంది. అప్పుడు గాలి గది మీద, పైభాగాన, సూదితో చిన్న రంధ్రం చేయడం మంచిదే. గాలి గదిలో రక్తనాళాలు ఉండవు కాబట్టి అక్కడ సూది పడితే నెత్తురు రాదు. ముందు గుడ్డు కింద టార్చి పెట్టి గాలి గది అంచును పెన్సిల్‌తో గీసుకోవాలి. ఆ గీత దాటితే నెత్తురే.

పగులు సన్నకొసన పడితే దాన్ని ప్రత్యేకంగా గమనించాలి. తల తలకిందులుగా ఉందన్నమాట. అలాంటి పిల్ల ముక్కుకు గాలి గది అందదు. తొలి ఊపిరే నేరుగా పెంకు పగులులోంచి పీల్చాలి. వీటిలో కొన్ని తమంతట తామే వస్తాయి. కొన్ని రావు. వీటికి పగులు దగ్గర ముక్కుకు గాలి ఆడేలా చూసి, సమయం ఇచ్చి, ఆ తర్వాతే చెయ్యి వేయాలి. ఇక్కడ గాలి గది రక్షణ లేదు. రక్తనాళాలు పెంకు కిందే ఉంటాయి.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. ఒక పిల్లను కాపాడదామని మూత తీసిన ప్రతిసారీ పెట్టెలోని తేమ బయటికి పోతుంది. చివరి మూడు రోజులు తేమ 65 నుంచి 70 శాతం ఉండాలి. మూత తెరిచి నిమిషం పాటు చూస్తూ కూర్చుంటే అప్పటికే పగులు పడిన మిగతా గుడ్ల పొరలు ఆరడం మొదలవుతుంది. ఒకదాన్ని చూడబోయి నాలుగింటిని బిగించుకున్నవాళ్లు చాలామంది ఉంటారు. సాయం చేయాల్సిన గుడ్డును చటుక్కున తీసి మూత వేసేసి, మిగతా పనంతా బయట వెచ్చటి తడిగుడ్డ మీద చేసుకోవాలి.

చెయ్యి వేయాల్సి వస్తే

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. శుభ్రంగా కడిగిన చేతులు, మొన మొద్దుగా ఉన్న పట్టకారు, దూది పుల్లలు, ఒంటి వెచ్చదనం ఉన్న నీళ్లు, మంచి వెలుతురు. గది వెచ్చగా ఉండాలి. ఫ్యాను కట్టేయాలి. మన ఇళ్లలో మరిచిపోయేది ఫ్యానునే.

పగులు దగ్గర పొరను చూడాలి. పొర తెల్లగా, కాగితంలా ఎండి, పిల్ల ఈకలకు అతుక్కుపోయి ఉంటే అది తేమ తక్కువై బిగుసుకున్న పిల్ల. పసుపు, గోధుమ రంగుకు తిరిగి తోలులా గట్టిపడితే అలా ఉండి చాలాసేపైందని అర్థం. దూది పుల్లను గోరువెచ్చటి నీటిలో ముంచి పిండి, పొర మీద అద్దాలి. తడి తగలగానే పొర గాజులా పారదర్శకమవుతుంది. అప్పుడు దాని కింద నాళాలు కనిపిస్తాయి. ఎర్రగా, నిండుగా నాళాలు కనిపిస్తే పని ఆపేయాలి. గుడ్డును తిరిగి పెట్టెలో పెట్టి మూడు నాలుగు గంటల తర్వాతే మళ్లీ చూడాలి. నాళాలు వెలిసిపోయి దారాల్లా ఉంటే ముందుకు పోవచ్చు. నీళ్లు ముక్కు రంధ్రాల దగ్గరికి పోనివ్వకూడదు. పిల్ల ముక్కు ఎక్కడుందో ముందే చూసుకుని, దాని చుట్టూ పొర పొడిగానే ఉంచాలి. కొందరు నీటి బదులు కొబ్బరినూనె వాడతారు. అది త్వరగా ఆరదన్నది నిజమే, కానీ నూనె పట్టిన ఈక వేడి నిలుపుకోదు. పొరకే రాయాలి, పిల్ల ఒంటికి పట్టించకూడదు.

పెంకును గాలి గది మేర మాత్రమే, చిన్న చిన్న ముక్కలుగా, పిల్ల తిరగాల్సిన దిశలోనే తీయాలి. చిటికెన వేలి గోరంత ముక్క ఊడితే చాలు, కాసేపు ఆగాలి. పిల్ల నోరు తెరుస్తూ మూస్తూ, నమిలినట్టు చేస్తుంటే సొన ఇంకా లోపలికి వెళుతోందని పెంపకందారులు గుర్తు పెట్టుకుంటారు. అలాంటి పిల్లను బయటికి తీయకూడదు. నెత్తురు చుక్క కనిపిస్తే దూదితో మెల్లగా అదిమి పట్టి ఆపి, గుడ్డును వెంటనే పెట్టెలో పెట్టేయాలి. తల, మెడ బయటపడ్డాక సాయం అక్కడితో ఆగాలి. కింది సగం పెంకు పిల్లకే వదిలేయాలి. బొడ్డు ఉండేది ఆ సగంలోనే. అది పూర్తిగా మూసుకుందో లేదో మనకు కనిపించదు, పిల్ల సిద్ధమైనప్పుడు తనే తన్నుకుని వస్తుంది. తల బయట పెట్టి ఇంకో ఆరేడు గంటలు పెంకులోనే పడుకున్నా కంగారు పడనక్కరలేదు.

తేమ ఎక్కువై వచ్చే ఇబ్బంది దీనికి పూర్తిగా భిన్నంగా ఉంటుంది. అక్కడ పొర ఎండదు. పిల్ల ఉబ్బి, జిగురుగా, గుడ్డులో తిరగడానికి చోటులేక ఇరుక్కుంటుంది. పగులు దగ్గర జిగురు నీరు కారి, ముక్కు మీద గడ్డకట్టి ఊపిరి ఆపేస్తుంది. ఇలాంటివాటికి తడి పెట్టడం ఇంకా ముంచడమే. ముక్కు దగ్గర జిగురు తుడిచి గాలి ఆడనివ్వడమే అసలు సాయం.

కష్టం 19వ రోజున పుట్టదు

పెంకు దగ్గర కనిపించే చిక్కు చాలాసార్లు ముందు రోజుల్లోనే మొదలై ఉంటుంది. 18 రోజుల్లో గుడ్డు తన బరువులో 11 నుంచి 13 శాతం నీటిని కోల్పోవాలి. 50 గ్రాముల గుడ్డు 44 గ్రాముల దగ్గరికి రావాలి. అంత తగ్గితేనే గాలి గది తగినంత పెద్దదవుతుంది. అంతకన్నా ఎక్కువ ఆరితే పొర బిగుస్తుంది. తక్కువ ఆరితే పిల్లకు గాలి చాలదు, ఒళ్లు ఉబ్బుతుంది. చిన్న వంటింటి త్రాసు, వారానికోసారి తూకం, ఈ రెండూ ఉంటే తేమ మీటరు కన్నా నమ్మకంగా ఉంటుంది. చౌకగా దొరికే తేమ మీటర్లు పది శాతం అటూ ఇటూ చూపించడం వింతేమీ కాదు.

ఇంక్యుబేటర్‌తో వచ్చే కాగితంలో మొదటి 18 రోజులు తేమ 50 నుంచి 55 శాతం అని రాసి ఉంటుంది. అది ఎక్కడి గదిని ఉద్దేశించి రాసిందో ఎవరూ అడగరు. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురం, మహబూబ్‌నగర్ వైపు గాలి అంత పొడిగా ఉంటే పెట్టెలో రెండు గిన్నెల నీళ్లు పెట్టినా చాలవు. అదే పెట్టె ఆగస్టులో భీమవరంలోనో కాకినాడలోనో అయితే ఒక్క గిన్నె కూడా ఎక్కువే. వానాకాలంలో కోస్తాలో మొదటి 18 రోజులు అసలు నీళ్లే పోయకుండా పొదిగించి మంచి ఫలితం చూసేవాళ్లు ఉన్నారు. దానికి కారణం గుడ్డు బరువే చెబుతుంది.

వేడి సంగతి ఇంకా సూటిది. ఫ్యాను ఉన్న పెట్టెలో 37.5 నుంచి 37.8 డిగ్రీలు. ఫ్యాను లేనిదైతే గుడ్ల పైభాగం దగ్గర కొలిచినప్పుడు 38.5 దరిదాపుల్లో ఉండాలి. వేడి కొంచెం తగ్గితే పిల్లలు ఆలస్యంగా, మెత్తటి పెద్ద కడుపుతో, మందకొడిగా వస్తాయి. పెరిగితే ముందే వస్తాయి, చిన్నగా, బొడ్డు సరిగా మూసుకోకుండా. రెంటిలో పెరగడమే ఎక్కువ ప్రమాదం. ఇంక్యుబేటర్ వేడి చేయగలదు గానీ చల్లబరచలేదు. మే నెలలో రేకుల గది 42 డిగ్రీలకు చేరితే వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ బల్బు ఆర్పేసి కూర్చోవడం తప్ప ఏం చేయగలదు? పైగా చివరి వారంలో పిల్లలు తమ ఒంటి వేడిని తామే పుట్టిస్తాయి. కరెంటు పోతే గుడ్లు చల్లారిపోతాయని భయపడి దుప్పట్లు కప్పేవాళ్లు ఆ సమయంలో గది ఎంత వేడిగా ఉందో చూసుకోవాలి. గంటో రెండు గంటలో చల్లబడితే చివరి రోజుల గుడ్లు చాలావరకు తట్టుకుంటాయి. ఉడికిపోతే తట్టుకోలేవు.

ఎండాకాలం గుడ్డుకు ఇంకో బలహీనత ఉంది. పొదిగే ముందు గుడ్డును 15 నుంచి 18 డిగ్రీల దగ్గర ఉంచాలి. దాదాపు 21 డిగ్రీలు దాటితే పిండం మెల్లగా, అస్తవ్యస్తంగా పెరగడం మొదలుపెడుతుంది. మన ఇళ్లలో వారం పాటు గంపలో దాచిన గుడ్డు రోజూ పగలు 38 డిగ్రీలు, రాత్రి 28 డిగ్రీలు చూస్తుంది. ఇంక్యుబేటర్‌లో పెట్టకముందే అందులోని పిండం అలసిపోయి ఉంటుంది. తడి ఇసుక మీద పెట్టిన మట్టికుండలో గుడ్లు దాచే పల్లె పద్ధతి వెనుక ఉన్న తెలివి ఇదే. ఫ్రిజ్ తలుపులో పెడితే మరీ చల్లన. రోహిణి కార్తెలో కోడిని పొదుగుకు కూర్చోబెట్టకూడదన్న పెద్దల మాటకు కూడా కారణం వెతుక్కోనక్కరలేదు. ఉరుములకు గుడ్లు చెడిపోతాయని కొన్ని పల్లెల్లో గంపలో ఇనుప ముక్క, బొగ్గు వేస్తారు. ఆ ఇనుము ఉరుమును ఆపుతుందని నమ్మడం కష్టం. ఉరుములు వచ్చే కాలం ఎండ ముదిరే కాలమే కాబట్టి గుడ్లు చెడటం మాత్రం నిజం.

గుడ్డును వారం లోపే పొదగేయాలి, సన్నకొస కిందికి ఉండేలా దాచాలి. తలకిందులుగా పెట్టి దాచిన, పొదిగిన గుడ్లలోనే సన్నకొసన పగులు పెట్టే పిల్లలు ఎక్కువగా కనిపిస్తాయి.

తల్లిదండ్రుల మేత కూడా ఇక్కడిదాకా వస్తుంది. పెరట్లో తిరిగే నాటుకోడి ఆకూ, పురుగూ, పేడకుప్పలో దొరికిందీ ఏరుకుని తింటుంది కాబట్టి దానికి విటమిన్ల లోటు తక్కువ. బోనులో కట్టి జొన్నలు, సజ్జలు మాత్రమే వేసే జాతి పెట్టలది వేరే కథ. రైబోఫ్లేవిన్ అనే బీ2 విటమిన్ చాలకపోతే పిండాలు గుడ్డులోనే చచ్చిపోతాయి, పుట్టినవి వేళ్లు లోపలికి ముడుచుకుని పుడతాయి. పందేల కోసం పుంజుకు బాదంపప్పులు, మాంసం పెట్టే ఇంట్లో పెట్టకు గింజలే గతి కావడం కోళ్ల ప్రపంచంలో మామూలే. పిల్ల బలం మాత్రం పెట్ట కడుపునుంచే వస్తుంది. పెట్టకు మునగాకు, పాలకూర, కాస్త సోయా పిండి కలిపిన మేత దొరికితే తేడా తెలుస్తుంది. పేరున్న రక్తం పోకూడదని అన్నాచెల్లెళ్లనే జతకట్టి తరాలు నడిపినప్పుడు కూడా పెంకు దగ్గర ఆగిపోయే పిల్లలు పెరుగుతాయి. అక్కడ ఏ ఇంక్యుబేటరూ ఏమీ చేయలేదు.

బయటపడ్డాక అసలు కాపాడటం

బలహీన పిల్లను నిజంగా బతికించేది పెంకు ఒలవడం కన్నా తర్వాతి మూడు రోజులు. కడుపులోకి చేరిన సొనతో ఆరోగ్యంగా ఉన్న పిల్ల రెండు మూడు రోజులు తిండీ నీళ్లూ లేకుండా ఉండగలదు. హేచరీల నుంచి ఒకరోజు పిల్లలను డబ్బాల్లో వందల కిలోమీటర్లు పంపగలిగేది అందుకే. పెంకుతో ఒక రోజంతా పోరాడిన పిల్లకు ఆ నిల్వలో చాలా భాగం ఖర్చయిపోయి ఉంటుంది. దానికి అంత గడువు లేదు.

ముందు బొడ్డు చూడాలి. పొడిగా, మూసుకుని ఉంటే మంచిది. సన్నటి దారంలా ఏదైనా వేలాడుతుంటే లాగకూడదు, ఎండి అదే ఊడిపోతుంది. బఠాణీ గింజంత సొన బయట ఉంటే లోపలికి నొక్కే ప్రయత్నం కూడదు. గాయాలకు పూసే పొవిడోన్ అయోడిన్ చుక్క అద్ది, తడి టిష్యూ కాగితం పరిచిన చిన్న గిన్నెలో పిల్లను కదలకుండా కూర్చోబెట్టి మళ్లీ ఇంక్యుబేటర్‌లో పెట్టాలి. గిన్నె ఎందుకంటే చుట్టూ తిరిగే మిగతా పిల్లలు ఆ వేలాడే ఎర్రటి ముక్కను పురుగనుకుని పొడుస్తాయి. బొడ్డు చుట్టూ నల్లబడి, కడుపు మెత్తగా ఉబ్బి, వాసన వస్తుంటే అది సూక్ష్మజీవులు సోకిన బొడ్డు. అలాంటి పిల్లలు కొద్ది రోజుల్లోనే చాలావరకు పోతాయి. వాటిని మిగతావాటి నుంచి వెంటనే వేరు చేయాలి.

ఈకలు ఆరేదాకా పిల్ల ఇంక్యుబేటర్‌లోనే ఉండవచ్చు, 24 గంటలైనా ఫర్వాలేదు. ఆ తర్వాత, పిల్లలను వెచ్చగా పెంచే పెట్టె అయిన బ్రూడర్‌లోకి. మొదటి వారం 35 డిగ్రీలు, ఆపై వారానికి సుమారు మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. ఇది అందరికీ తెలిసిందే. తెలియకుండా దెబ్బ కొడుతున్నది ఎల్‌ఈడీ బల్బు. పాత 60 వాట్ల బల్బు వెలుగు కన్నా వేడే ఎక్కువ ఇచ్చేది, పెట్టెలో వేలాడదీస్తే పిల్లలకు సరిపోయేది. ఎల్‌ఈడీ వెలుగుతుంది, పెట్టె మాత్రం చల్లగానే ఉంటుంది. వెలుగుతోంది కదా అని పడుకుంటే తెల్లారేసరికి బలహీనమైనవి మూలన కుప్పగా పడి ఉంటాయి. దుకాణంలో అడిగి ఫిలమెంట్ బల్బు గానీ, సిరామిక్ హీటర్ గానీ తెచ్చుకోవాలి. థర్మామీటర్ లేకపోతే పిల్లలే చెబుతాయి. బల్బు కిందికి గుంపుగా చేరి కూస్తుంటే చలి. దూరంగా గోడలకు ఆనుకుని నోళ్లు తెరిస్తే వేడి. చెదురుమదురుగా పడుకుంటే సరిపోయినట్టు.

నీళ్లు ముందు, మేత తర్వాత. గోరువెచ్చటి నీళ్లలో కొంచెం బెల్లం కలిపి ఇవ్వడం మన దగ్గర పాత అలవాటు. అలసిన పిల్లకు అది వెంటనే పనికొస్తుంది. ఒక్క రోజు చాలు. రోజుల తరబడి ఇస్తే విరేచనాలు పట్టి వెనకభాగం మూసుకుపోతుంది, గిన్నెలు జిగటపడి క్రిములు పెరుగుతాయి. తలెత్తలేని పిల్లకు నోట్లో చుక్కలు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కు కొస మాత్రం నీటికి తాకించాలి లేదా ముక్కు పక్కన ఒక చుక్క పెడితే అదే చప్పరిస్తుంది. నీళ్ల పళ్లెం లోతు లేనిదై, అందులో గులకరాళ్లు వేసి ఉండాలి. బలహీన పిల్ల తడిస్తే చలికే పోతుంది. మొదటి రోజు మెత్తటి మొక్కజొన్న నూకలు, ఉడికించిన గుడ్డు పచ్చసొన చిదిమి కొద్దిగా ఇవ్వవచ్చు. తర్వాత చిక్ స్టార్టర్ మేత. వెనకభాగంలో రెట్ట అంటుకుని గట్టిపడితే గోరువెచ్చటి నీటితో నానబెట్టి తుడవాలి, పీకకూడదు. అది అడ్డుపడి చచ్చే పిల్లలు తక్కువేమీ కాదు.

కాళ్లు చెరోవైపు జారిపోయే పిల్లను చూసి చాలామంది ఆశ వదులుకుంటారు. నిజానికి బాగయ్యే అవకాశం ఎక్కువ ఉన్నవి ఇవే. నున్నటి న్యూస్‌పేపరు మీద పెంచడం వల్లే చాలాసార్లు ఇది వస్తుంది. గరుకు గుడ్డ పరిచి, రెండు కాళ్ల మధ్య అంగుళం ఎడం ఉండేలా మెడికల్ టేపు పట్టీ వేస్తే రెండు మూడు రోజుల్లో నిలబడటం నేర్చుకుంటుంది. మొదటి రెండు రోజుల్లోనే వేయాలి, ఎముక గట్టిపడ్డాక లాభం లేదు. వేళ్లు ముడుచుకున్నవాటికి అట్టముక్క మీద వేళ్లు పరిచి టేపు చుట్టి, బీ కాంప్లెక్స్ చుక్కలు నీళ్లలో ఇస్తారు. మెడ వెనక్కి తిరిగి ఆకాశం చూసే పిల్లకు విటమిన్ ఈ, సెలీనియం అవసరం పడవచ్చు. మోతాదు పశువైద్యుణ్ణి అడిగే ఇవ్వాలి, సెలీనియం ఎక్కువైతే విషమే.

బలహీన పిల్లను వేరుగా పెట్టాలన్నది నిజమే గానీ ఒంటరిగా పెట్టడం తప్పు. ఒంటరి పిల్ల అరుస్తూనే ఉంటుంది, ఆ అరుపుకే ఉన్న బలం ఖర్చవుతుంది. తోడుగా ఒక నెమ్మదైన పిల్లను పెడితే దాన్ని చూసి నీళ్లు తాగడం, గింజ ఏరడం నేర్చుకుంటుంది.

కోడి కింద పొదిగినప్పుడు

వనరాజా, గ్రామప్రియ లాంటి పెరటి కోళ్లను హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థలో రూపొందించారు. గుడ్లు బాగానే పెడతాయి గానీ పొదుగుకు కూర్చునే గుణం వాటికి తక్కువ. అందుకే వాటి గుడ్లను ఇంక్యుబేటర్‌లోనో, నాటుకోడి కిందో పెట్టాల్సి వస్తుంది. నాటుకోడి కింద తేమ, వేడి లెక్కలు మనిషి చూసుకోనక్కరలేదు. అక్కడి చిక్కు వేరు. తొలిపిల్లలు దిగిన ఒకటి రెండు రోజుల్లో కోడి వాటిని తీసుకుని గంప దిగిపోతుంది. వెనకబడిన గుడ్డులో పిల్ల కూస్తున్నా మళ్లీ వచ్చి కూర్చోదు. ఆ గుడ్లను అప్పటికప్పుడు ఇంక్యుబేటర్‌లోకి గానీ, ఇంకా పొదుగు మీదున్న మరో కోడి కిందికి గానీ మార్చితే బతికే అవకాశం ఉంటుంది.

బతికున్న గుడ్డేదో తెలుసుకోవడానికి పల్లెల్లో గోరువెచ్చటి నీళ్లలో వేసి చూస్తారు. లోపల పిల్ల ప్రాణంతో ఉంటే గుడ్డు నీటి మీద ఊగుతుంది. 18వ రోజు తర్వాత ఇది పనిచేసే పద్ధతే. పగులు పడిన గుడ్డును మాత్రం నీళ్లలో వేయకూడదు, పిల్ల మునిగిపోతుంది. సాయం చేసి బతికించిన పిల్లను తిరిగి తల్లికి ఇవ్వాలంటే రాత్రి చీకట్లో, మిగతా పిల్లల పక్కన కోడి రెక్క కిందికి దోపాలి. పగటిపూట ఇస్తే, పైగా అది తూలుతూ నడిస్తే, కొన్ని కోళ్లు పొడిచి చంపుతాయి.

ఎక్కడ ఆపాలి

పెద్ద హేచరీల్లో ఈ ప్రశ్నే ఉండదు. 21వ రోజు ట్రేలు తీస్తారు. అప్పటికి బయటికి రాని గుడ్డు వ్యర్థం కిందే లెక్క. అవతలి కొసన అమెరికా రాబందు కాలిఫోర్నియా కాండర్ లాంటి పక్షి ఉంది. 1982 నాటికి ప్రపంచం మొత్తంలో 22 మాత్రమే మిగిలాయి. అలాంటి పక్షి గుడ్డులో తల తలకిందులైతే జూ సిబ్బంది, పశువైద్యులు రాత్రంతా మేలుకుని పెంకు తీస్తారు. పెరట్లో పదో పదిహేనో గుడ్లు పొదిగించేవాళ్లు ఈ రెంటి మధ్యలో ఎక్కడో ఉంటారు.

తేమ తగ్గి బిగుసుకున్న పిల్లలో పుట్టుకతో వచ్చిన లోపమేమీ లేదు. తప్పు పెట్టెది. దాన్ని బయటికి తీసి పెంచితే మామూలు కోడి అవుతుంది, గుడ్లూ పెడుతుంది. కానీ ఒకే జత నుంచి ప్రతి విడతలోనూ సాయం లేకుండా రాలేని పిల్లలు పుడుతుంటే, వాటిని బతికించి మళ్లీ వాటికే జతకట్టడం ఆ బలహీనతను పెంచి పోషించడమే. అలాంటి పిల్లను పెంచుకోవచ్చు, విత్తనానికి ఉంచుకోకూడదు. ముక్కు వంకర తిరిగినది, సొన మొత్తం బయట వేలాడేది, రెండు రోజులైనా తలెత్తనిది, వీటి విషయంలో బాధ పొడిగించకుండా పశువైద్యుడి సలహాతో ముగించడమే మేలు.

23వ రోజు దాటాక మిగిలిన గుడ్లను పారేసే ముందు ఒక్కొక్కటే పగలగొట్టి చూడాలి. ముక్కుకు గుడ్డ కట్టుకుని ఆరుబయట చేయాల్సిన పని. పిల్ల పూర్తిగా పెరిగి, సొన లోపలికి పోయి, ముక్కు గాలి గదిలో ఉండగా చచ్చిపోతే చివర్లో గాలి చాలలేదు, పెట్టెకు రంధ్రాలు మూసుకుపోయి ఉండొచ్చు. పొర అట్టలా అంటుకుని ఉంటే తేమ తక్కువ. జిగురు, నీరు నిండి ఉంటే ఎక్కువ. రక్తపు వలయం మాత్రమే మిగిలి ఉంటే మొదటి వారంలోనే పోయింది, గుడ్డు దాచిన తీరునో మొదటి రోజుల వేడినో చూసుకోవాలి. ఏమీ లేకుండా పచ్చసొన స్వచ్ఛంగా ఉంటే పుంజు సంగతి చూడాలి. ఏ గుడ్డులో ఏం కనిపించిందో, 18వ రోజు దాని బరువెంతో పక్కపక్కన రాసుకుంటే, తర్వాతి విడతకు నీళ్ల గిన్నె ఒకటి పెట్టాలో రెండు పెట్టాలో ఆ కాగితమే చూపిస్తుంది.